ఉన్న ఊరిలో కొలువు

ఉద్దేశం

"ఇంటి నుండి పని" అనే మాట 2020వ సంవత్సరం తరువాత ప్రతి తెలుగింటికీ పరిచయమైంది. చదువు ముగించిన యువతీయువకులు మహానగరాలకు తరలిపోక తప్పదా? ఉన్న ఊరిలోనే ఉండి సాఫ్ట్‌వేర్ వృత్తిని నిర్వహించడం సాధ్యమా? సాధ్యమైతే అందులోని సాధకబాధకాలు ఏవి? ఈ విషయాలను శ్రీకాకుళం జిల్లా సముద్రతీరాన ఉన్న భావనపాడును దృష్టిలో ఉంచుకొని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

శ్రీకాకుళం జిల్లా సంతబొమ్మాళి మండలంలో బంగాళాఖాతపు ఒడ్డున భావనపాడు అనే మత్స్యకార గ్రామం ఉంది. తెల్లవారకముందే పడవలు కడలిలోకి సాగిపోవడం, పొద్దెక్కిన తరువాత అవి ఒడ్డుకు చేరడం, ఇసుకపైనే చేపల బేరాలు జరగడం ఇక్కడి నిత్యజీవనం. సమీపంలోని నౌపడ ఉప్పు మళ్లకు పేరుపొందింది. హౌరా–చెన్నై ప్రధాన రైలుమార్గం ఆ ఊరి మీదుగానే సాగుతుంది. టెక్కలికి చేరువలో ఉన్న తేలినీలాపురానికి ఏటా పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్ జాతి కొంగలు గుంపులుగా వస్తాయి. అవి చెట్లపై గూళ్లు కట్టుకొని, పిల్లలను పెంచి, వాటికి రెక్కలు వచ్చిన తరువాత తిరిగి వెళ్తాయి. పక్షుల రాకపోకలకు ఒక క్రమం ఉంది. ఈ ప్రాంతపు మనుషుల వలసకు మాత్రం అటువంటి క్రమం లేదు. వెళ్లినవారు ఎప్పుడు తిరిగి వస్తారో ఇంటివారికి కూడా తెలియదు.

ఉత్తరాంధ్ర తీరంలో వలస కొత్త విషయం కాదు. ఇక్కడి మత్స్యకారులు ఎందరో గుజరాత్ రాష్ట్రంలోని వెరావల్ వంటి రేవులకు పోయి, పరాయి యజమానుల మరపడవలలో నెలల తరబడి పనిచేస్తారు. అలా వెళ్లి 2018 నవంబరులో పాకిస్థాన్ అధికారులకు పట్టుబడిన ఉత్తరాంధ్ర మత్స్యకారులలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు మీదుగా స్వదేశం చేరుకొన్నారు. అదే సంవత్సరం దేశవ్యాప్త లాక్‌డౌన్ విధించినప్పుడు గుజరాత్ రేవులలో చిక్కుపడిన ఆంధ్ర మత్స్యకారులు నాలుగు వేలకు పైగా ఉన్నారు. వారిని బస్సులలో స్వస్థలాలకు చేర్చవలసి వచ్చింది.

చదువుకొన్నవారి కథ కూడ దీనికి దూరమైనది కాదు. టెక్కలిలో 2001లో ఇంజనీరింగ్ కళాశాల వెలసింది. రాజాంలో అంతకుముందే, 1997లో మరొకటి ఏర్పడింది. ఎచ్చెర్లలో రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణం ఉంది. మత్స్యకారుల ఇండ్లలోను, ఉప్పు మళ్లలో పనిచేసేవారి ఇండ్లలోను ఇంజనీరింగ్ పట్టభద్రులు కనిపిస్తున్నారు. అయితే పట్టా చేతికి రాగానే వారు కూడ రైలెక్కవలసిందే. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటి నుండి మాదాపూర్, గచ్చిబౌలి ప్రాంతాలు తెలుగు యువతకు గమ్యస్థానాలైనాయి. బెంగళూరు, చెన్నై, ఆ తరువాత అమెరికా ఆ మార్గంలోని తదుపరి మజిలీలు. చదువు పెరిగినా వలస ఆగలేదు. దాని రూపం మారింది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ అమలులోకి రాగానే ఈ ప్రవాహం ఒక్కసారిగా వెనుకకు తిరిగింది. నగరాలలో అద్దె గదులు ఖాళీ చేసిన సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ల్యాప్‌టాప్ సంచులతో సొంత ఊళ్లకు చేరారు. కార్యాలయపు భవనంలో తప్ప జరగదనుకొన్న పని పెంకుటిండ్ల వసారాలలో, మేడపైని గదులలో జరిగిపోయింది. అంతవరకు కాల్‌సెంటర్లు, ఐ.టి. ఆధారిత సేవాసంస్థలు తమ ఉద్యోగులను ఇంటి నుండి పనిచేయించాలంటే టెలికాం శాఖ నిబంధనలు అడ్డుగా ఉండేవి. ఆ శాఖ 2020 మార్చిలో వాటిని తాత్కాలికంగా సడలించి, అదే ఏడాది నవంబరులో చాలవరకు తొలగించింది. ఏళ్ల తరబడి చర్చలతో తెమలని మార్పును ఒక మహమ్మారి కొద్ది వారాలలో తీసుకువచ్చింది.

దూరం నుండి పనిచేయడమనే ఆలోచన మాత్రం 2020లో పుట్టినది కాదు. బ్రిటన్‌లో స్టెఫానీ షర్లీ అనే మహిళ 1962లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థను స్థాపించి, పెండ్లి, పిల్లల పెంపకం కారణంగా ఉద్యోగాలు మానుకొన్న స్త్రీలకు ఇంటి వద్దనే ప్రోగ్రాములు వ్రాసే పని కల్పించింది. అమెరికాలో జాక్ నిల్స్ అనే శాస్త్రవేత్త 1973లో ఈ పద్ధతికి "టెలికమ్యూటింగ్" అని పేరు పెట్టాడు. మనిషి పని వద్దకు ప్రయాణించడానికి బదులు పనినే మనిషి వద్దకు పంపవచ్చునన్నది ఆయన వాదం. పెట్రోలు కొరతతో, వాహనాల రద్దీతో నగరాలు సతమతమవుతున్న కాలంలో ఆ వాదానికి విలువ ఏర్పడింది.

మరొక కోణంలో చూస్తే భారతీయ సాఫ్ట్‌వేర్ పరిశ్రమ పుట్టుకలోనే ఈ దూరం ఇమిడి ఉంది. 1985లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ బెంగళూరులో తన కేంద్రాన్ని నెలకొల్పి, ఉపగ్రహ సంబంధం ద్వారా దానిని అమెరికాతో కలిపింది. 1991లో భారత ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను స్థాపించి, ఇక్కడి కంపెనీలు విదేశీ ఖాతాదారులకు పని చేసి పంపడానికి కావలసిన సమాచార సౌకర్యాలు సమకూర్చింది. హైదరాబాదులోని ఇంజనీరు న్యూయార్కులోని బ్యాంకుకు పనిచేసిన నాడే దూరం నుండి పని మొదలైంది. న్యూయార్కు పనిని హైదరాబాదు చేయగలిగినప్పుడు, హైదరాబాదు పనిని భావనపాడు ఎందుకు చేయలేదు? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే పని జరిగే తీరును పరిశీలించాలి.

సాఫ్ట్‌వేర్ అనేది కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాల సముదాయం. ఒక బ్యాంకు వ్యవహారాన్ని నడిపే ప్రోగ్రామును వందలమంది కలసి వ్రాస్తారు. వారు వేర్వేరు చోట్ల ఉన్నా, వ్రాసిన ప్రతి పంక్తి ఒకే భాండాగారంలో చేరుతుంది. ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో అందులో నమోదవుతుంది. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో రూపొందించిన "గిట్" అనే సాధనం ఈ పనికి నేడు విస్తృతంగా వాడుకలో ఉంది. ఆయనే 1991లో ప్రారంభించిన "లినక్స్" వ్యవస్థను ప్రపంచం నలుమూలల ఉన్న ప్రోగ్రామర్లు, చాలవరకు ఒకరి ముఖం ఒకరు చూడకుండానే అభివృద్ధి చేశారు. సంస్థ రహస్యాలు దారిలో బయటపడకుండ సమాచారాన్ని సంకేతరూపంలోనికి మార్చి పంపే "వి.పి.ఎన్." అనే ఏర్పాటు ఉంటుంది. కనుక పని స్వభావంలో దూరానికి పెద్ద అడ్డంకి లేదు. అడ్డంకులన్నీ పని చుట్టూ ఉన్న పరిస్థితులలోనే ఉన్నాయి.

భావనపాడు వంటి ఊరిలో మేడ మీది గదిలో కూర్చుని పనిచేసే ఒక యువ ఇంజనీరును ఊహించుకొంటే ఆ పరిస్థితులు స్పష్టమవుతాయి. ఉదయం అతడు మొట్టమొదట చూసేది పనిని కాదు, ఇంటర్నెట్ సంబంధాన్ని. కాంతితంతువులో సమాచారం సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. అతడు పంపిన మాట అరసెకనులోపే అమెరికా చేరుతుంది. అయితే ఆ తంతువు రహదారి వరకు వచ్చి ఇంటి వరకు రాకపోతే ఆ వేగం వలన ప్రయోజనమేమున్నది? పల్లెలకు కాంతితంతువులను చేర్చే పథకాన్ని కేంద్రప్రభుత్వం 2011లో ఆమోదించింది. తరువాత దానికి భారత్‌నెట్ అనే పేరు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఫైబర్‌నెట్ పథకాన్ని 2017 డిసెంబరులో నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. 2016 సెప్టెంబరు తరువాత చౌకగా లభించిన 4జి మొబైల్ సేవలు కూడ పల్లెలకు తోడ్పడ్డాయి. అయినా ముఖ్యమైన సమావేశం మధ్యలో తెరపై మనుషులు బొమ్మలవలె నిలిచిపోవడం, ఒక సిమ్ పనిచేయక మరొక సిమ్ మార్చుకోవడం పల్లెలలోని ఉద్యోగులకు అనుభవమే. కనుక రెండు వేర్వేరు సంస్థల కనెక్షన్లు, ఒక ఇన్వర్టరు అతనికి విలాసాలు కావు. జాలరికి వల ఎటువంటిదో అవి అతనికి అటువంటివి.

తీరప్రాంతానికి తుఫాను మరొక ముప్పు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటింది. కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలమట్టమైనాయి. వేల సంఖ్యలో విద్యుత్ స్తంభాలు కూలి, అనేక గ్రామాలు రోజుల తరబడి అంధకారంలో మునిగాయి. అటువంటి సమయంలో పడవ కోల్పోయిన జాలరి నష్టం అందరికీ కనిపిస్తుంది. గడువులోగా పని అప్పగించలేకపోయిన ఉద్యోగి నష్టం కనిపించదు. దూరాన ఉన్న పై అధికారికి తుఫాను ఒక వార్త మాత్రమే. అందుచేత ముందుచూపు గల ఉద్యోగి తుఫాను హెచ్చరిక వెలువడగానే ఆ విషయాన్ని తన బృందానికి వ్రాతపూర్వకంగా తెలిపి, అత్యవసరమైన పనిని మరొకరికి అప్పగించి, వీలైతే శ్రీకాకుళమో విశాఖపట్నమో చేరుకొంటాడు.

ఇక కాలం విషయం. భావనపాడులో జాలరి సముద్రపు సమయాన్ని అనుసరించి మేలుకొంటాడు. అదే ఊరిలోని ఇంజనీరు ఖాతాదారుని దేశపు గడియారాన్ని అనుసరించి మేలుకొంటాడు. న్యూయార్కు మన కంటె వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, శీతాకాలంలో పదిన్నర గంటలు వెనుక ఉంటుంది. అక్కడ ఉదయం 10 గంటలకు సమావేశం జరిగితే ఇక్కడ వేసవిలో రాత్రి 7.30, శీతాకాలంలో 8.30 అవుతుంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో అదే సమయానికి జరిగితే ఇక్కడ రాత్రి 10.30 లేదా 11.30. కొడుకు పని ముగించి నిద్రకు ఉపక్రమించే వేళకు తండ్రి వేటకు బయలుదేరుతాడు. ఒకే ఇంటిలో ఉన్నా వారిద్దరూ కలసి భోజనం చేసే వేళ దొరకదు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులపాటు మరపడవల వేటపై నిషేధం ఉంటుంది. చేపల సంతతి పెరగడానికి సముద్రానికి ఇచ్చే విరామం అది. ఇంటి నుండి పనిచేసే ఉద్యోగికి అటువంటి విరామం ఎవరూ ప్రకటించరు. కార్యాలయం ఉంటే దాని తలుపు మూసి బయటకు రావచ్చు. ఇల్లే కార్యాలయమైతే ఏ తలుపు మూయాలో తెలియదు. ఈ ఇబ్బందిని గుర్తించి ఫ్రాన్స్ 2017 జనవరి నుండి పనివేళల తరువాత ఉద్యోగి సందేశాలకు దూరంగా ఉండే హక్కును చట్టబద్ధం చేసింది. ఆస్ట్రేలియా 2024 ఆగస్టులో అటువంటి నియమాన్నే అమలులోకి తెచ్చింది.

ఇరుగుపొరుగువారి దృష్టి కూడ ఒక సమస్యే. పగటివేళ ఇంటిలో కనిపించే మగవానిని పల్లె అనుమానంగా చూస్తుంది. "ఏటి బాబూ, ఇంటికాడే ఉన్నావు, ఉద్యోగం పోయిందేటి?" అని అడిగే పెద్దలుంటారు. తెర ముందు కూర్చున్న మనిషి పనిలో ఉన్నాడని ఇంటివారికి తెలియడానికి కూడ కొంతకాలం పడుతుంది. బ్యాంకుకు తీసుకువెళ్లమని ఒకరు, సరుకులు తెమ్మని ఒకరు, ఫోను బాగుచేయమని ఒకరు వస్తూనే ఉంటారు. స్త్రీల విషయంలో ఈ బరువు రెట్టింపవుతుంది. ఇంటిలోనే ఉన్నది కదా అని వంట, పిల్లల చదువు, పెద్దల సేవ ఆమె మీదనే పడతాయి. అయినా ఎందరో విద్యావంతులైన స్త్రీలు ఉద్యోగం పూర్తిగా మానుకోకుండ ఉండడానికి ఈ పద్ధతి మహోపకారం చేసింది. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజన చట్టం సెలవును 26 వారాలకు పెంచింది. సెలవు ముగిసిన తరువాత కూడ, పని స్వభావం అనుమతిస్తే, యజమానితో అంగీకారం మేరకు ఇంటి నుండి పనిచేసే అవకాశాన్ని అది కల్పించింది.

ఈ పద్ధతి వలన పని పెరుగుతుందా, తరుగుతుందా అనే విషయంపై శాస్త్రీయ పరిశోధనలు జరిగాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు నికొలస్ బ్లూమ్, ఆయన సహచరులు చైనాలోని సి-ట్రిప్ అనే ప్రయాణసేవల సంస్థలో తొమ్మిది నెలలపాటు ఒక ప్రయోగం నిర్వహించి, 2015లో ఫలితాలు ప్రకటించారు. ఇంటి నుండి పనిచేసిన కాల్‌సెంటర్ ఉద్యోగుల పని 13 శాతం పెరిగింది. ఉద్యోగం మానివేసేవారి సంఖ్య సగానికి తగ్గింది. అయితే ప్రయోగం ముగిసిన తరువాత ఇంటి నుండి పనిచేసినవారిలో సుమారు సగంమంది తిరిగి కార్యాలయానికే వస్తామన్నారు. ఒంటరితనం అందుకు ముఖ్యమైన కారణం. అదే సంస్థలో ఇంజనీర్లు మొదలైన 1,612 మందిపై జరిపిన మరొక పరిశోధన 2024లో వెలువడింది. వారానికి రెండు రోజులు ఇంటి నుండి పనిచేసినవారి పనితీరు, పదోన్నతులు దెబ్బతినలేదు. రాజీనామాలు మూడవ వంతు తగ్గాయి. పూర్తిగా ఇల్లు, పూర్తిగా కార్యాలయం అనే రెండు కొసల నడుమ మేలైన మార్గం ఒకటి ఉండవచ్చునని ఈ పరిశోధన సూచిస్తున్నది.

ఒంటరితనం కొత్తగా చేరినవారిని మరింతగా బాధిస్తుంది. అనుభవజ్ఞుడైన ఇంజనీరుకు పని తెలుసు, అతనిని పదిమంది ఎరుగుదురు. కళాశాల నుండి నేరుగా వచ్చినవానికి ఆ రెండూ ఉండవు. పక్కకుర్చీలోని పెద్దవారిని చూసి నేర్చుకొనే విద్య కొంత ఉంటుంది. తప్పు ఎక్కడ జరిగిందో వెదికే తీరు, ఖాతాదారునితో మాట్లాడే మర్యాద, ఏ ప్రశ్న ఎవరిని అడగాలో తెలిసిన లౌక్యం పుస్తకాలలో దొరకవు. తండ్రితో పడవ ఎక్కకుండ జాలరి వేట నేర్చుకోలేడు. సాఫ్ట్‌వేర్ వృత్తిలోనూ తొలి సంవత్సరాలు అటువంటివే. దూరాన ఉన్న కొత్త ఉద్యోగి ఒక చిన్న సందేహాన్ని అడగడానికి సంకోచించి రోజంతా కోల్పోతాడు.

సంస్థల నిర్ణయాలు కూడ స్థిరంగా లేవు. 2025 నాటికి తమ ఉద్యోగులలో 25 శాతానికి మించి ఏ సమయంలోనూ కార్యాలయంలో ఉండనవసరం లేదని టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ 2020లో ప్రకటించింది. అదే సంస్థ 2023 అక్టోబరు నుండి ఉద్యోగులు వారానికి ఐదు రోజులు కార్యాలయానికి రావాలని కోరింది. మరికొన్ని సంస్థలు వారానికి రెండు మూడు రోజుల హాజరును నియమంగా పెట్టుకొన్నాయి. ఇంటి నుండి పని శాశ్వతమని నమ్మి నగరంలోని గది ఖాళీ చేసి, పిల్లలను ఊరి బడిలో చేర్చి, అప్పు చేసి ఇల్లు బాగుచేయించుకొన్నవారికి ఒక చిన్న మెయిల్‌తో జీవితమంతా తిరిగి సర్దుకోవలసి రావచ్చు. కనుక నియామకపత్రంలో పని ప్రదేశం గూర్చి ఏమి వ్రాసి ఉన్నదో చదవకుండ, కేవలం నోటిమాటను నమ్మి పెద్ద నిర్ణయాలు తీసుకోవడం వివేకం కాదు.

ఇంటి నుండి పని అనే ఆశను సొమ్ము చేసుకొనే మోసగాళ్లు కూడ బయలుదేరారు. రోజుకు రెండు గంటలు పనిచేస్తే వేల రూపాయలని చెప్పి, ముందుగా డిపాజిట్టు కట్టించుకొని మాయమయ్యేవారు కొందరు. విదేశాలలో కంప్యూటరు ఉద్యోగమని నమ్మించి యువకులను కాంబోడియాకు తరలించి, అక్కడ సైబర్ నేరాలు చేయించిన ముఠాల వ్యవహారాన్ని 2024 మే నెలలో విశాఖపట్నం పోలీసులు బయటపెట్టారు. నిజమైన సంస్థ ఏదీ ఉద్యోగం ఇవ్వడానికి అభ్యర్థి నుండి సొమ్ము అడగదు. మోసపోయినవారు సిగ్గుపడి దాచుకోక వెంటనే 1930 అనే జాతీయ సహాయ సంఖ్యకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలిపితే పోయిన సొమ్మును నిలుపుచేయడానికి అంత అవకాశం ఉంటుంది.

ఈ సాధకబాధకాలను గమనించి కొందరు మధ్యేమార్గాలు వెదికారు. చెన్నై కేంద్రంగా గల జోహో సంస్థ 2011లో తమిళనాడులోని తెన్‌కాశి ప్రాంతంలో ఒక చిన్న కార్యాలయాన్ని తెరిచి, స్థానిక యువతకు శిక్షణ ఇచ్చి పనిలో చేర్చుకొన్నది. ఇల్లు పల్లెలోనే ఉంటుంది, పక్కన పనిచేసే తోటివారూ ఉంటారు. ఉత్తరాంధ్రకు విశాఖపట్నం దగ్గర. అక్కడ 2023 అక్టోబరులో ఇన్ఫోసిస్ కేంద్రం ప్రారంభమైంది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ ఐదేళ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో అక్కడ ఒక కేంద్రం నెలకొల్పుతామని ప్రకటించింది. పట్టణాలలోను, మండలాలలోను ఐ.టి. కార్యాలయ వసతులు నిర్మించేవారికి ప్రోత్సాహకాలు ఇచ్చి, ముఖ్యంగా స్త్రీలకు ఇంటికి చేరువలో పని కల్పించాలన్న ఉద్దేశాన్ని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 ఫిబ్రవరిలో వెల్లడించింది. టెక్కలిలో వంద కుర్చీలు, నమ్మదగిన విద్యుత్తు, రెండు కాంతితంతువులు గల భవనం ఒకటి ఉంటే, సంతబొమ్మాళి మండలపు ఇంజనీరు ఉదయం వెళ్లి సాయంత్రం ఇల్లు చేరగలడు.

ఊరిలో ఉండి సంపాదించే ఒక ఉద్యోగి వలన ఊరికి కలిగే మేలు తక్కువది కాదు. నగరంలో అద్దెకు, ప్రయాణానికి ఖర్చయ్యే సొమ్ము ఊరి కిరాణా కొట్టుకు, పాలవారికి, తాపీ పనివారికి చేరుతుంది. తల్లిదండ్రులకు జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకుపోయే మనిషి ఇంటిలో ఉంటాడు. బడిపిల్లలకు కంప్యూటరు విద్యపై కలిగే సందేహం తీర్చేవారు దొరుకుతారు. హైదరాబాదులోని జాతీయ సముద్ర సమాచార సేవల కేంద్రం చేపలు సమృద్ధిగా లభించే ప్రాంతాల సూచనలను మత్స్యకారులకు అందజేస్తుంది. అటువంటి సమాచారాన్ని ఫోనులో చదివి వివరించగల చదువరి ఒడ్డునే ఉంటే అది పడవకు మరింత ఉపయోగపడుతుంది.

అయితే ఇంటి నుండి పని అందరి సమస్యకు పరిష్కారం కాదు. వల విసరడం, ఉప్పు పోగుచేయడం, జీడిపప్పు ఒలవడం, ఇల్లు కట్టడం ఏ తెర ముందు కూర్చుని చేసే పనులు కావు. వెరావల్ వెళ్లే జాలరికి ఇంటర్నెట్ వలన వలస తప్పలేదు. భావనపాడు రేవు పేరిట చాలకాలం చర్చలో ఉన్న ఓడరేవుకు 2023 ఏప్రిల్‌లో అదే మండలంలోని మూలపేట వద్ద శంకుస్థాపన జరిగింది. అటువంటి నిర్మాణాలు, స్థానిక పరిశ్రమలు, మేలైన జెట్టీలు, శీతలగిడ్డంగులు ఎక్కువమందికి ఉపాధి కల్పించగలవు. ఒక ఊరు నిలవాలంటే చదువుకొన్నవారి కొలువుతో పాటు చదువుకోనివారి కూలి కూడ ఊరికి దగ్గరగా ఉండాలి.

ఈ వృత్తిని కోరుకొనే విద్యార్థి కొన్ని విషయాలు ముందుగానే అలవరచుకోవాలి. దూరాన ఉన్నవారికి మనిషి కనిపించడు, అతడు వ్రాసిన మాట కనిపిస్తుంది. కనుక చేసిన పనిని, ఎదురైన చిక్కును, కావలసిన సహాయాన్ని క్లుప్తంగా, స్పష్టంగా వ్రాయగలగడం ప్రోగ్రాము వ్రాయడమంత అవసరం. తెలుగులో ఒక విషయాన్ని వరుస తప్పకుండ చెప్పగలిగినవానికి ఆంగ్లంలో చెప్పడం సులభమవుతుంది. ఎవరూ చూడకున్నా సమయానికి కూర్చోవడం, పని ముగిసిన తరువాత లేవడం రెండూ క్రమశిక్షణలోని భాగాలే. తొలి రెండు మూడు సంవత్సరాలు కార్యాలయంలో పెద్దల వద్ద పని నేర్చుకొని, ఆ తరువాత ఊరికి తిరిగి రావడం చాలామందికి అనుకూలమైన మార్గం.

"ఉన్న ఊరు కన్నతల్లి" అని పెద్దల మాట. అయితే కేవలం మమకారంతో ఊరిలో నిలవడం సాధ్యం కాదు; నిలవడానికి ఆధారం కావాలి. ఆ ఆధారాన్ని కాంతితంతువు కొందరికైనా భావనపాడు వరకు తీసుకురాగలదు. ఒకప్పుడు చదువుకొన్న బిడ్డ ముందు ఊరు విడవడమనే ఏకైక మార్గం ఉండేది. నేడు వెళ్లడమా, నిలవడమా, వెళ్లి తిరిగి రావడమా అని ఆలోచించుకొనే వీలు కొందరికి కలిగింది. ఆ వీలు మరికొందరికి కలగాలంటే పల్లెకు నమ్మదగిన విద్యుత్తు, నిలకడ గల ఇంటర్నెట్, ఇచ్చిన మాటకు కట్టుబడే సంస్థలు, తెలివిగా నిర్ణయం తీసుకొనే యువత కావాలి.

అర్థాలు

కొలువు = ఉద్యోగం
కడలి = సముద్రం
మజిలీ = ప్రయాణంలో ఆగే చోటు
వసారా = ఇంటి ముందు భాగంలోని పంచ
భాండాగారం = నిల్వ చేసే చోటు
కాంతితంతువు = కాంతి ద్వారా సమాచారాన్ని చేరవేసే సన్నని గాజుపోగు
ఉపక్రమించు = మొదలుపెట్టు
లౌక్యం = లోకవ్యవహార జ్ఞానం
మధ్యేమార్గం = రెండు కొసలకు నడుమనున్న దారి
సాధకబాధకాలు = అనుకూల ప్రతికూలాలు

అభ్యాసం

అ) ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు వ్రాయండి.
1. పల్లెలో ఉండి సాఫ్ట్‌వేర్ వృత్తిని నిర్వహించడంలోని సాధకబాధకాలను వివరించండి.
2. ఉత్తరాంధ్ర తీరంలో మత్స్యకారుల వలసను, చదువుకొన్నవారి వలసను పోల్చి వ్రాయండి.

ఆ) ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు వ్రాయండి.
1. దూరం నుండి పనిచేసే పద్ధతి 2020 కంటె ముందే ఉన్నదని ఎట్లు చెప్పగలం?
2. నికొలస్ బ్లూమ్, ఆయన సహచరుల ప్రయోగంలో తేలిన విషయాలేవి?
3. కొత్తగా ఉద్యోగంలో చేరినవారికి ఇంటి నుండి పని ఎందుకు కష్టమవుతుంది?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు వ్రాయండి.
1. చదువు పెరిగినా వలస ఆగలేదు. దాని రూపం మారింది.
2. ఇల్లే కార్యాలయమైతే ఏ తలుపు మూయాలో తెలియదు.

ఈ) ఈ క్రింది పదాలను విడదీసి సంధి పేర్లు వ్రాయండి.
మహోపకారం, అత్యవసరం, ఏకైక, కార్యాలయం, ప్రయోజనమేమున్నది

ఉ) విగ్రహవాక్యాలు వ్రాసి సమాసాల పేర్లు తెలపండి.
సముద్రతీరం, తల్లిదండ్రులు, మహానగరాలు, సాధకబాధకాలు

ఊ) మీ ఊరి నుండి నగరానికి వెళ్లి పనిచేస్తున్న ఒకరితో మాట్లాడి, వారు ఊరికి తిరిగి రావాలంటే ఏమేమి అవసరమో తెలుసుకొని ఒక పుటలో వ్రాయండి.